ఓడిన పరీక్ష చెప్పినది

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, పరిశోధకులారా, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకుడు పాల్ రిడ్కర్ చేసిన పని ఆధారంగా ఒక మాట మీ ముందు వాదిస్తాను. ఒక జబ్బుకు ఫలానాది కారణమని నమ్మాలంటే, ఆ నమ్మకం తప్పని తేలే అవకాశమున్న పరీక్షకు దాన్ని నిలబెట్టి తీరాలి. గుండెపోటునే తీసుకోండి, కొలెస్ట్రాల్ పెద్దగా లేనివాళ్లకూ అది వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ల రక్తంలో సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటే, తర్వాతి ఏళ్లలో వాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువని రిడ్కర్ బృందం 1997లో చూపింది. సీఆర్‌పీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తు. కానీ గుర్తు వేరు, కారణం వేరు. స్టాటిన్ మాత్రలు ఈ చిక్కు విప్పలేవు. అవి కొలెస్ట్రాల్‌నూ సీఆర్‌పీనీ కూడా తగ్గిస్తాయి కాబట్టి మేలు ఎటునుంచి వచ్చిందో తేల్చలేం.

ఆ చిక్కు విప్పడానికి రిడ్కర్ నడిపిన కాంటోస్ అనే పరీక్ష గొప్పతనం ఇక్కడే ఉంది. ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. రోగనిరోధక వ్యవస్థ పంపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒక్క సంకేతాన్ని అడ్డుకునే కెనకినుమాబ్ అనే మందును ప్లాసిబోతో పోల్చారు. చెడు కొలెస్ట్రాల్ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు అందుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయని 2017లో తేలింది. ఇంతేనా అని అడిగినవాళ్లున్నారు. మందు చాలా ఖరీదు, ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. ఇవన్నీ నిజాలే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గుండెజబ్బుకు ఆ మందును ఒప్పుకోలేదు కూడా. అయితే ఇవి మందు మీద అభ్యంతరాలు, కారణం మీద కావు.

అంతకంటే బలమైన అభ్యంతరం మరుసటి ఏడాది వచ్చింది, అదీ రిడ్కర్ చేతుల మీదుగానే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్లవాతానికి తక్కువ మోతాదులో వాడుతున్నాం. దాన్ని 4,786 మందిలో పరీక్షిస్తే గుండెకు ఏ మేలూ కనిపించలేదు. ఒకటి నెగ్గి ఒకటి ఓడితే సిద్ధాంతం కొట్టుకుపోయినట్టే కదా అనవచ్చు. నా దృష్టిలో ఈ ఓటమే ఎక్కువ చెప్పింది. మెథోట్రెక్సేట్ ఆ పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను గానీ, ఇంటర్‌ల్యూకిన్-6ను గానీ, సీఆర్‌పీని గానీ తగ్గించలేదు. అంటే ఇన్‌ఫ్లమేషన్ మీద పనిచేసే మందు ఏదైనా సరిపోదు, దారి సరైనదై ఉండాలి. గౌట్ నొప్పికి ఏనాటి నుంచో వాడుతున్న చవకైన కొల్చిసిన్ 2019లో 4,745 మందిలో మేలు చూపింది, 2024లో ఏడు వేల మందికి పైగా పాల్గొన్న మరో పరీక్షలో చూపలేదు. ఈ తేడాకు కారణం మోతాదా, రోగుల ఎంపికా అన్న వాదన నడుస్తూనే ఉంది. క్షయ ఇంత విస్తారంగా ఉన్న మన దేశంలో రోగనిరోధక సంకేతాలను అడ్డుకునే మందును గుండె రోగికి ఏళ్ల తరబడి ఇవ్వడం ఎంత క్షేమమో మన వార్డుల్లోనే, మన రోగుల్లోనే పరీక్షించి తెలుసుకోవాలి. ఆ పని మీ చేతుల్లో పెడుతున్నాను.