అందఱి నీరు
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగము)

కొల్లేటిలో చేపల చెరువులకై వేసిన గట్లను 2006లో ప్రభుత్వము కొట్టించుట మీరెఱిగినదే. నేడు మన మాటలకును అట్టి గట్లు పడినవి. మట్టి మోసినవారము మనమే! గూడెపు వర్తకుడు ఉల్లిధర తెలుపవలెనన్నను, ఏలూరి సభకు పిలుపు పంపవలెనన్నను ఫేస్‌బుక్, వాట్సాప్‌లే గతి. రెంటికిని యజమాని మెటా యొక్కటియే. కొన్ని తావులకు మాత్రము ఉచితముగా దారి విడుచు పద్ధతిని 2016 ఫిబ్రవరి 8న ట్రాయి నిషేధింపగా, 'ఫ్రీ బేసిక్స్' మన దేశమునుండి మరలిపోయెను. మనము పండుగ చేసికొని నిద్రించితిమి.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కట్టిట్టి గట్టు లేదు. అందలి వ్రాతను ఎవరైనను అచ్చొత్తుకొనవచ్చును. మూలము చెప్పి, అదే స్వేచ్ఛను పరులకును విడిచిన చాలును. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరను గూర్చి ఆధారములు చూపి వ్రాయగలవారు మీలో లేరా? ఆ వ్రాతను ముందచట చేర్చుడు. పిమ్మట ఫేస్‌బుక్‌కు పంపుదురుగాక.