మాటకు బదులు మాటే

(కమ్మింగ్‌లో జరిగిన తెలుగు సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



నలుగురిలో చర్చ జరిగేటప్పుడు ఒకరి మాటకు ఒకరు ఎలా బదులు చెప్పుకోవాలి అనే విషయం మీద మాట్లాడమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. తెలుగువాళ్ళకు మాట్లాడటం ఒకరు నేర్పాలా అని ఎవరికైనా నవ్వు రావచ్చు. మాట్లాడటంలో మనకు లోటు లేదు. ఎదుటివారు మాట్లాడిన తరవాత మనం చెప్పే జవాబులోనే లోటు కనిపిస్తున్నది.

మన సంఘాల సర్వసభ్య సమావేశాలు ఎరిగినవారికి ఈ సంగతి తెలుసు. ఒకరు లేచి "ఈ ఏడు హాలు అద్దె ఎందుకు పెరిగిందండీ?" అని అడుగుతారు. జవాబు అద్దె గురించి ఉండాలి. "నిరుడు పని చెయ్యమంటే రాని మీరు ఇవాళ లెక్కలడుగుతున్నారా?" అని వస్తుంది. అడిగినాయన ఏ జిల్లావాడు, ఎవరి మనిషి, ఎవరి పక్షం అనే దాకా పోతుంది. అరగంట గడిచాక అద్దె సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇద్దరు స్నేహితులు మాత్రం పలకరింపులు మానుకుని ఇళ్ళకు పోతారు. ఇదంతా పిల్లలు చూస్తూనే ఉంటారు.

ఈ వ్యవహారానికి మన పెద్దలు చాలాకాలం క్రితమే పేర్లు పెట్టారు. గౌతముని న్యాయసూత్రాలలో కథ అంటే చర్చ. అది మూడు రకాలని చెప్పారు. నిజం తేల్చుకోవటానికి ఇద్దరూ ప్రమాణాలతో మాట్లాడుకుంటే వాదం. ఎలాగైనా సరే గెలవాలని మాట్లాడితే జల్పం. తనకంటూ ఒక అభిప్రాయం నిలబెట్టకుండా ఎదుటివారు ఏమంటే అది కొట్టివేయటమే పనిగా పెట్టుకుంటే వితండ. మనం రోజూ అనుకునే వితండవాదం అక్కడి నుంచి వచ్చిందే.

ఛలం అని ఇంకొకటి ఉంది. ఎదుటివారి మాటకు వారు ఉద్దేశించని అర్థం అంటగట్టి ఓడించటం. దీనికి శాస్త్రంలో ఒక సరదా ఉదాహరణ ఉంది. "ఇతను నవకంబలుడు" అని ఒకడంటాడు. కొత్త కంబళి కప్పుకున్నాడని వాడి భావం. రెండోవాడు లేచి "తొమ్మిది కంబళ్ళు ఎక్కడున్నాయి? ఒకటే గదా ఉన్నది!" అంటాడు. నవ అంటే కొత్త అని, తొమ్మిది అని రెండర్థాలు గనుక చప్పట్లు పడతాయి. కంబళి సంగతి మాత్రం తేలదు. ఇటువంటి తొమ్మిది కంబళ్ళు మన సమావేశాల్లో ఎన్ని కప్పుతారో మీకు తెలియనిది కాదు.

శాస్త్రకారులు రోగం చెప్పి ఊరుకోలేదు. మందు కూడా చెప్పారు. దాని పేరు పూర్వపక్షం. ఎదుటివారి వాదాన్ని ముందు మనమే, వాళ్ళు ఒప్పుకునేటట్టు చెప్పాలి. ఆ తరవాతే మన సిద్ధాంతం చెప్పాలి. పెద్ద పెద్ద భాష్యాలన్నీ ఈ పద్ధతిలోనే సాగాయి. ప్రతిపక్షాన్ని వక్రించి చెప్పి గెలిచినవాడిని పండితుడని ఎవరూ అనలేదు.

మన అవధానాన్ని చూడండి. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని ఏకాగ్రతను చెదరగొట్టటానికే కూర్చుంటారు. నిషిద్ధాక్షరివారు అవధాని వాడబోయే అక్షరాన్ని ముందే కనిపెట్టి వద్దంటారు. అప్రస్తుత ప్రసంగంవారు పద్యం మధ్యలో పప్పులో ఉప్పు గురించి అడుగుతారు. అవధాని కోపగించుకుంటే ఆయనే ఓడినట్టు. చమత్కారంగా జవాబు చెప్పి, విడిచిన చోటు నుంచి పద్యం అందుకోవాలి. చివరకు అవధానితో పాటు అడ్డుపడిన పృచ్ఛకులకు కూడా సన్మానం చేసి పంపుతాము. అడ్డు చెప్పేవాడికి సభలో పీట వేసి గౌరవించే కళ మన చేతిలో ఉండగా, లెక్క అడిగిన సభ్యుణ్ణి శత్రువుగా చూడటం మనకు తగదు.

మన చరిత్రలో పెద్ద తగాదా ఒకటి భాష గురించి జరిగింది. 1910 తరవాతి సంవత్సరాలలో బడి పుస్తకాలు గ్రాంథికంలో ఉండాలా, వ్యావహారికంలో ఉండాలా అని తెలుగుదేశం రెండుగా చీలింది. ఒకవైపు జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు. ఇంకొకవైపు గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు. మాటలు చాలా ఘాటుగానే సాగాయి. అయితే ఆ ఘాటులో ఒక క్రమం ఉంది. గురజాడవారికి మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో తోటి సభ్యుల నిర్ణయం నచ్చలేదు. 1914లో ఆయన తన అసమ్మతిని కారణాలతో సహా పెద్ద పత్రంగా వ్రాసి ఇచ్చారు. బల్ల గుద్ది బయటకు రాలేదు. గిడుగువారు పూర్వుల వచనం నుంచి వాడుక మాటలు ఏరి గద్యచింతామణిలో చూపించారు. గ్రాంథికం తప్ప మరొకటి కూడదన్న పండితుల వ్రాతల్లోనే వ్యాకరణ దోషాలు పట్టి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే పుస్తకంలో వరసగా పెట్టారు. పేరులో ఎకసెక్కం ఉన్నమాట నిజమే. కాని లోపల ఉన్నది ఉదాహరణలు. ఎవరైనా పుస్తకం తెరిచి సరిచూసుకోవచ్చు.

ఈ తగాదాలో మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించే మనిషి కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయనకు వాగ్యుద్ధాలు కొత్త కాదు. స్త్రీవిద్య విషయమై కొక్కొండ వెంకటరత్నం పంతులుగారితో పత్రికల్లో తలపడ్డారు. కొక్కొండవారు హాస్యవర్ధని నడిపితే, కందుకూరివారు 1876లో హాస్యసంజీవని పెట్టి హాస్యానికి హాస్యంతోనే బదులిచ్చారు. అంతటి పట్టుదల గల మనిషి. జీవితమంతా ఎక్కువగా గ్రాంథికంలో వ్రాసిన ఆయనే 1919లో రాజమండ్రిలో ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. గిడుగువారు కార్యదర్శి. ఆ ఏడు మే నెలలోనే కందుకూరివారు కన్నుమూశారు. డెబ్బై ఏళ్ళ వయసులో, అంత పేరు సంపాదించిన తరవాత, ఎదుటివారి వాదం విని అటువైపు కూర్చోగలగటం చిన్న విషయం కాదు. ఆయన ఓడిపోయారని ఎవరూ అనలేదు.

ఇక మనం కాపురాలు పెట్టుకున్న ఈ ఊరి సంగతికి వద్దాము. కమ్మింగ్‌లో ఇవాళ ఇన్ని తెలుగు కుటుంబాలు పండుగ చేసుకుంటున్నాము. ఫోర్సైత్ కౌంటీలో 1990లో ఉన్న జనం 44 వేలు. 2020 నాటికి రెండున్నర లక్షలు దాటారు. ఈ నేల మీద మాట ఆగిపోయిన రోజులు కూడా గడిచాయని మన పిల్లలకు తెలియాలి. 1912లో ఇక్కడ నల్లజాతివారిలో ఒకరిని ఊరి నడుమనే మూక చంపింది. ఇద్దరు కుర్రవాళ్ళను ఉరితీశారు. వెయ్యిమందికి పైగా నల్లజాతివారిని బెదిరించి, ఇళ్ళూ పొలాలూ విడిచి పోయేటట్టు తరిమేశారు. ఆ తరవాత డెబ్బై ఏళ్ళకు పైగా వారు ఇక్కడ నివసించలేకపోయారు.

1987 జనవరిలో, మార్టిన్ లూథర్ కింగ్ జయంతికి, ఇక్కడే ఉండే ఒక తెల్లాయన సోదరభావంతో ఊరేగింపు చేద్దామన్నాడు. జవాబుగా బెదిరింపులు వచ్చాయి. ఆయన మానుకున్నాడు. ఇంకొకరు ఆ పని అందుకున్నారు. అట్లాంటా నుంచి హొసియా విలియమ్స్ వచ్చి కలిశారు. జనవరి 17న నడిచిన కొద్దిమందికి ఎదురైన జవాబు రాళ్ళు, సీసాలు. వారం తిరగగానే 24వ తేదీన దేశం నలుమూలల నుంచి దాదాపు ఇరవై వేలమంది వచ్చి, సైనికుల కాపలా మధ్య అదే ఊళ్ళో నడిచారు.

ఆ తరవాత ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రీ తన టెలివిజన్ కార్యక్రమాన్ని కమ్మింగ్‌లో జరిపారు. కౌంటీవాసులను మాత్రమే లోపల కూర్చోబెట్టి మాట్లాడనిచ్చారు. నల్లజాతివారు రాకూడదన్నవారు లేచారు. అది తప్పన్నవారూ లేచారు. నల్లజాతి స్త్రీ అయిన ఆవిడ ఇద్దరి మాటా నిలబడి విన్నారు. అదే సమయంలో బయట, మమ్మల్ని ఎందుకు పిలవలేదని హొసియా విలియమ్స్, ఆయన అనుచరులు నిరసన తెలిపి అరెస్టయ్యారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎవరిని గురించి చర్చ జరుగుతున్నదో వారికి గదిలో కుర్చీ లేకపోతే ఆ చర్చ సగమే. ఆ ఏడే రెండు జాతులవారితో ఒక సంఘం వేశారు. వారు ఒక్క మాట మీదకు రాలేక డిసెంబరులో రెండు వేరు వేరు నివేదికలు ఇచ్చారు. ఫలితం లేదని కొందరనుకోవచ్చు. జనవరిలో రాళ్ళు, డిసెంబరులో రెండు కాగితాలు. ఏకాభిప్రాయం కుదరకపోయినా, ఎవరి మాట వారిది కాగితం మీద పెట్టగలిగారు. అంతమాత్రం కూడా రాళ్ళకంటె ఎంతో మేలు.

ఈనాటి సంగతి కూడా చెప్పాలి. ఇళ్ళస్థలాల వినియోగం మార్చే విచారణలలో కావాలన్న పక్షానికి, వద్దన్న పక్షానికి సమానంగా, పక్షానికి పది నిమిషాలకు తగ్గకుండా సమయం ఇవ్వాలని జార్జియా చట్టంలో ఉంది. ఇది చాలా చక్కని నియమం. 2022లో మన కౌంటీ బడి పుస్తకాల విషయమై పెద్ద రభస జరిగింది. లైబ్రరీలోని ఒక పుస్తకంలో తనకు అభ్యంతరమైన భాగాన్ని ఒక తల్లి బడి బోర్డు సమావేశంలో చదవబోతే ఆపారు. నిబంధనలు పాటిస్తానని హామీ ఇస్తేనే మళ్ళీ రావాలన్నారు. వ్యాజ్యం ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. మర్యాదగా మాట్లాడాలనే పేరుతో ఆ విధంగా నోరు కట్టటం రాజ్యాంగానికి విరుద్ధమని నవంబరులో తీర్పు వచ్చింది. 2023లో బోర్డు వకీళ్ళ ఖర్చుల కింద లక్ష డాలర్లకు పైగా చెల్లించి రాజీపడింది. పుస్తకాల విషయంలో మీలో ఎవరు ఏ పక్షమైనా కావచ్చు. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మాట్లాడే హక్కును చట్టం కాపాడుతుంది. మర్యాదను చట్టం నేర్పలేదు, నేర్పటానికి పూనుకుంటే హక్కుకే దెబ్బ తగులుతుంది. కాబట్టి మర్యాద సభ్యులు తమంతట తాము అలవాటు చేసుకోవలసిన గుణం.

ఆ అలవాటు మన ఇళ్ళలో ఎలా ఉన్నది? ఇక్కడ పుట్టిన పిల్లవాడు సంఘంలో ఏదో చెప్పబోతాడు. బడిలో నేర్చిన పద్ధతిలో ఆలోచించి, తెలుగులో వెతుక్కుని, పెద్దాయనతో "నువ్వు చెప్పింది తప్పు" అంటాడు. ఇంగ్లీషులో నువ్వుకూ మీరుకూ ఒకటే మాట. వాడికి అగౌరవం చెయ్యాలని లేదు. పెద్దాయన చెవిన "నువ్వు" ఒక్కటే పడుతుంది. "నీకేం తెలుసు, కూర్చో" అంటారు. పక్కనున్నవారు వాడి ఉచ్చారణకు నవ్వుతారు. వాడు చెప్పదలచుకున్న సంగతి, ఒకవేళ అది మంచిదే అయినా, అక్కడితో సరి. మరుసటి ఏడు వాడు రాడు. తెలుగు మరిచిపోయాడని మనం బాధపడతాము.

పిల్లలూ, మీకో మాట. తెలుగులో కాదనటానికి మెత్తని దారులు ఎన్నో ఉన్నాయి. "మీరన్నది నిజమే గాని బాబాయిగారూ," "అలా కాదేమోనండీ," "నాకు ఇంకోలా తోస్తున్నది పిన్నీ" అనవచ్చు. ఈ "అండీ" ఒక్కటి నేర్చుకుంటే ఎంత గట్టి అభ్యంతరమైనా పెద్దల ముందు పెట్టవచ్చు. పెద్దలకూ ఒక మాట. వాడు "నువ్వు" అంటే వాక్యం పూర్తయ్యే దాకా ఆగండి. ముందు వాడి సంగతికి జవాబు చెప్పండి. "మీరు అనాలి నాన్నా" అని తరవాత, పక్కకు పిలిచి చెప్పవచ్చు.

మన సంఘం మటుకు నాలుగు చిన్న పద్ధతులు పెట్టుకుంటే బాగుంటుందని మా ప్రార్థన. ఒకటి, బదులు చెప్పేవారు ఎదుటివారి మాటను ముందు తామే ఒక వాక్యంలో చెప్పి, "ఇదేనా మీరన్నది?" అని అడగాలి. రెండు, రెండు పక్షాలకూ సమానంగా సమయం ఇవ్వాలి. మూడు, సమావేశం నివేదికలో నెగ్గిన తీర్మానంతో పాటు నెగ్గని వారి కారణాలను కూడా వ్రాయాలి. నాలుగు, ప్రతి విషయంలోను చిన్నవారిని ముందు మాట్లాడనివ్వాలి. పెద్దలు ముందే తేల్చేస్తే చిన్నవారు నోరు విప్పరు.

వీటికి డబ్బు ఖర్చు లేదు, ఓపిక మాత్రం కావాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మనవాళ్ళు ఊరకే అనలేదు. ఈ ఊరు మనదని మనం అనుకుంటున్నాము. మన తరవాత ఈ సంఘాన్ని నడపవలసినవారు వెనక వరసల్లో కూర్చున్నారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో వారిలో ఒకరు లేచి అధ్యక్షులవారిని ఒక చిక్కు ప్రశ్న అడగాలని, ఆ ప్రశ్నకే జవాబు రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.