జైలు నుండి వచ్చినవాడు మరల జైలుకేల పోవును?



మన పల్లెలలో పంటలను గూర్చి, పశువులను గూర్చి, పాఠశాలను గూర్చి సభలు జరుగుట కలదు. జైలు నుండి విడుదలై వచ్చిన మనిషిని గూర్చి సభ జరుగుట అరుదు. అతడు వచ్చిన సంగతి ఊరంతకును తెలియును. అరుగుల మీదను, బావుల యొద్దను అతని మాటే సాగును. అతనితో మాత్రము ఎవరును మాటలాడరు. కొన్నినాళ్లకు అతడు మరల పట్టుబడినాడన్న వార్త వచ్చును. "కుక్కతోక వంకర పోవునా!" అని పెద్దలు తలలూపుదురు. ఆ సామెతతో మన విచారణ ముగియును. నేడు మనము ఆ సామెత వద్ద ఆగక, ఇట్లేల జరుగుచున్నదో కొంత ఆలోచింతము.

మొదట ఒక సంగతి చెప్పవలయును. జైలుకు పోయి వచ్చినవారందరును మరల నేరము చేయుదురనుట సరికాదు. ఒక్క తప్పుతోనే బుద్ధి తెచ్చుకొని, కూలియో సేద్యమో చేసికొని, పిల్లలను పెంచుకొనుచున్నవారు ప్రతి ప్రాంతమునను కలరు. మరల పోవువారు కొందరే. ఆ కొందరు పుట్టుకతోనే దుష్టులు గనుక పోవుచున్నారని మేము నమ్మము. కారణములను మూడు చోట్ల వెదుకవలయును: జైలు గోడల లోపల, జైలు గుమ్మము ముందర, మన ఊరి పొలిమేరలో.

జైలు లోపలి సంగతి ముందు చూతము. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరాంతమున దేశములోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురికి నేరము ఇంకను రుజువు కాలేదు. జామీను నిచ్చువారు లేకనో, రుసుము చెల్లించు శక్తి లేకనో నెలల తరబడి ఉండిపోవువారు వీరిలో అనేకులు. శిక్షపడినవారికి నేతపని, వడ్రంగము మొదలగు పనులు నేర్పుట కలదు. విచారణలో ఉన్నవానికి పని తప్పనిసరి కాదు గనుక అతని పగలు ఊరక గడచిపోవును. చిల్లర దొంగతనముతో పోయిన పడుచువాడు ఆ తీరికలో ఆరితేరినవాని పక్కన కూర్చుండును. అక్కడ అతడు నేర్చునది వడ్రంగము కాదు.

ఇంకొక చిక్కు కలదు. జైలులో లేచుట, తినుట, పండుకొనుట అన్నియు గంట ప్రకారమే జరుగును. అయిదారేండ్లు అట్లు గడపినవానికి తన నిర్ణయము తాను చేసికొను అలవాటు తప్పిపోవును. బయటకు వచ్చిన తరువాత ఏ పనికి పోవలెను, ఎవరి నడుగవలెను, కోపము వచ్చినపుడు ఎట్లు ఓర్చుకొనవలెను అనునవన్నియు అతడు మొదటినుండి నేర్చుకొనవలసి యుండును. ఈ లోపమును తీర్చుటకే గోడలు లేని వ్యవసాయ జైళ్లు ఏర్పడినవి. అనంతపురము వద్ద రెడ్డిపల్లిలోను, హైదరాబాదు చెంత చర్లపల్లిలోను సత్ప్రవర్తన గల ఖైదీలు పొలము దున్ని, పంట పండించి, బాధ్యతకు మరల అలవాటుపడు ఏర్పాటు కలదు.

అసలు కొందరిని జైలుకు పంపకుండుటయే మేలని చట్టమే చెప్పుచున్నది. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము ప్రకారము, యావజ్జీవ శిక్షకు తగిన ఘోరనేరము గాక తక్కిన నేరములు చేసిన ఇరువదియొక్క సంవత్సరముల లోపువానిని జైలుకు పంపవలెనన్నచో, న్యాయస్థానము అందుకు కారణములు వ్రాయవలయును. అట్టివానిని పర్యవేక్షణలో ఉంచి ఊరిలోనే బ్రతుకనిచ్చుట ఆ చట్టము ఉద్దేశము.

ఇక జైలు గుమ్మము ముందరి సంగతి. విడుదలైన దినమున అతని చేతిలో ఏమున్నది? దారి ఖర్చు, పని చేసియుండినచో కొంత కూలి సొమ్ము. ఖైదీల పనికి న్యాయమైన కూలి ఇవ్వవలెననియు, అందులో కొంత భాగము నేరము వలన నష్టపోయినవారికి చెందునట్లు చూడవలెననియు 1998లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. అయినను ఆ సొమ్ము ఇంటి అప్పుల ముందు ఏపాటిది? అతడు లోపల ఉన్నన్నినాళ్లు ఇల్లాలు వకీలు ఖర్చులకు పాడిగేదె నమ్మినది. కౌలు భూమి చేయి మారినది. పిల్లవాడు బడి మానినాడు. రేషను కార్డులో అతని పేరున్నదో లేదో ఎవరికిని తెలియదు. పాత యజమాని ముఖము చాటు చేయును. ఇట్టి సమయమున "రా, కూర్చుండుము, భోజనము చేయుము" అని మొట్టమొదట పిలుచువాడెవరు? తరచుగా పాత జతగాడే. ఆ పిలుపు వెంట సారా సీసా, దాని వెంట పాత పని వచ్చును. మంచివారి తలుపు మూసియున్నపుడు చెడ్డవాని తలుపు తెరచియుండును.

మూడవది మన పొలిమేర. ఒక ఊరిని అనుమానముతో చుట్టివేసినచో ఏమగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురము చరిత్ర చాలును. కొన్ని జాతులవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన చట్టమును తెల్లదొరలు 1871లో చేసిరి. 1911 చట్టముతో అది మదరాసు రాజధానికిని వ్యాపించెను. తరువాత రెండు మూడేండ్లకే స్టూవర్టుపురము సెటిల్మెంటుగా వెలసినది. దాని నడపకమును సాల్వేషను ఆర్మీ వారికి అప్పగించిరి. అచ్చటివారు హాజరు చెప్పుకొనవలెను, అనుమతి చీటి లేక పొలిమేర దాటరాదు. పొట్టకై కూలికి పోవువాడును చీటి చూపవలసినదే. నేరము చేయనివాడును నేరస్థుడే అయినపుడు మంచిగా నుండుటకు ప్రతిఫలమేమున్నది? 1952లో ఆ చట్టము దేశమంతటను రద్దయినది. కాని కాగితము మీది ముద్ర పోయినంత త్వరగా జనుల నాలుకల మీది ముద్ర పోలేదు. 1970ల దశకమున హేమలతా లవణము, లవణము దంపతులు ఆ ఊరిలో సంస్కరణోద్యమము సాగించిరి. ఇండ్లకు పోయి వారితో కూర్చుండిరి, పిల్లల చదువునకు పాటుపడిరి, పాత జీవితమును విడువ గోరినవారికి అండగా నిలిచిరి. విముక్త జాతులవారిని పుట్టుకను బట్టి నేరప్రవృత్తి గలవారిగా ఎంచు జైలు నియమములు రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ముద్ర మాపుటకు ఎన్ని తరములు పట్టినదో చూడుడు.

ఊరిలో ఎక్కడ కోడి పోయినను, మోటారు పోయినను మొదట వాని ఇంటి తలుపే తట్టుట మనకు అలవాటు. ఠాణాలో షీటు ఉన్నవానిని పోలీసులు కనిపెట్టియుండుట వారి విధి. ఆధారము లేకయే వాని పేరు చెప్పి పంపుట మన విధి కాదు. వాని కుమారుని బడిలో "దొంగ కొడుకు" అని పిలుచుట అంతకన్న ఘోరము. తండ్రికి న్యాయస్థానము మూడేండ్ల శిక్ష విధించినది. కుమారునికి మనము జీవితకాలపు శిక్ష విధించుచున్నాము.

ఇచ్చట ఒక ప్రశ్న వచ్చును. "దొంగకు ఇంత జాలి చూపుచున్నారు, వాని వలన నష్టపోయిన మాటేమి?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. కన్నము పడిన ఇంటి ఇల్లాలు ఆ రాత్రిని మరువలేదు, మరువుమని అడుగు హక్కు మనకు లేదు. వచ్చినవాని చేతికి గాదె తాళము ఇమ్మని మేము చెప్పుట లేదు. పట్టపగలు పదిమందితో కలిసి చేయు పని ఇండు. కాలువ పూడిక తీయుట, కోతకు పోవుట, ఇటుకలు మోయుట చాలును. కూలి ఏ వారపుది ఆ వారము చెల్లింపుడు. నమ్మకము పైరు వంటిది, నాటిన నాడే కోతకు రాదు. వాడు సంపాదించినచో నష్టపోయినవారికి కొంతయైనను తిరిగి చెల్లింపుమని పెద్దలు అడుగవచ్చును. సంపాదన లేనివాని నుండి ఏమి రాబట్టగలరు? వాడు మరల జైలుకు పోయినచో, పోవుటకు ముందు ఇంకొక ఇంటికి కన్నము పడియుండునని మరువరాదు.

గ్రామము చేయదగిన పనులు కష్టమైనవి కావు. మనిషి లోపల ఉండగానే ఆ కుటుంబమును పలుకరింపవలెను. ఇంటివారు చూడబోవుచుండినచో లోపలివాని ఆశ నిలుచును. జైలులో ఉన్న ప్రతివానికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము క్రింద ఉచితముగా వకీలును పొందు హక్కు కలదని తెలుపవలెను. జామీనుకో జరిమానాకో సొమ్ము లేక నిలిచిపోయిన బీదలకై 2023లో కేంద్రప్రభుత్వము ఒక పథకమును ఏర్పరచినది. విచారణలో ఉన్నవానికి 40,000 రూపాయల వరకు, జరిమానా చెల్లింపలేని శిక్షితునికి 25,000 రూపాయల వరకు సహాయమునకు అందులో మొదట వీలు కల్పించిరి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నడిగినచో వివరములు చెప్పుదురు. విడుదలైన వెంటనే రేషను కార్డులోను, ఓటర్ల పట్టికలోను పేరు సరిచూపవలెను. జైలులో ఉన్నవానికి ఓటు వేయు వీలు లేదు. బయటకు వచ్చినవాడు సాధారణముగా మరల ఓటు వేయవచ్చును. ఈ సంగతి తెలియక ఎందరో ఊరకుందురు. సారా మానగోరువానిని ఆసుపత్రికి తోడ్కొని పోవలెను. తెలంగాణములో జైళ్ల శాఖవారు తమ పెట్రోలు బంకులలో విడుదలైనవారికి కూడ పని కల్పించిరి. ప్రభుత్వము చేయగలిగినది మన రైసుమిల్లు, మన ఇటుకబట్టీ చేయలేవా?

ఈసారి గ్రామసభలో రోడ్లు, దీపముల సంగతి ముగిసిన పిదప ఒక్క ప్రశ్న వేసికొందము. మన ఊరివారిలో జైలున నున్నవారెవరు? వారి ఇంటికి పోయివచ్చుటకు మనలో ఎవరు సిద్ధము? వచ్చిన నాటి మొదటి వారము పని ఎవరిత్తురు? ఈ మూడింటికి పేర్లు వ్రాసికొని సభ ముగించినచో, ఆ ఊరు తన కావలికి చేసికొన్న ఏర్పాటులలో అది ఒకటి యగును.