పాత కాన్పు మాట



ఉగాది పూట జబ్బుల మాటలేమిటని కొందరనుకొనవచ్చును. మేము డాక్టర్లము కాము. మెట్రిక్‌ చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసికొనుచున్నవారము. అయినను మా యింట జరిగినది చెప్పక తప్పదు.

మా వదినగారికి ఆరేండ్ల క్రిందట ముత్యాల గర్భమని శుభ్రము చేసినారు. హెచ్‌.సి.జి. అను హార్మోనుకై రక్తపరీక్షలు మానవద్దన్నారు. రెండు పర్యాయములు చేయించి మానివేసినాము. తరువాత సుఖముగా కాన్పై ఆడపిల్ల పుట్టినది. నిరుడు దగ్గు, కఫములో రక్తపుజీర. క్షయ అనుకొని మందులు వాడించినారు. సర్జాపురనుండి బెంగుళూరికి మూడు నెలలు తిరిగినాము. చివరకొక డాక్టరమ్మ, "కాన్పులెన్ని? ఏదైనా గర్భము పోయినదా?" అని అడిగినది. అంతవరకు ఎవరును అడుగలేదు, మేమును చెప్పలేదు. ఆడవారి సంగతి, మరిది నోట వచ్చునా!

మాయలోని కణములకు తల్లి రక్తనాళములలో చొరబడుట స్వభావము. అవి మిగిలి కాన్సరైనచో రక్తము వెంట మొదట ఊపిరితిత్తులకు, ఒక్కొక్కప్పుడు మెదడుకు, కాలేయమునకు ప్రాకును. చక్కని కాన్పు తరువాతకూడ రావచ్చును. తరచు ఏడాదిలోపుననే, అరుదుగా ఏండ్లు గడచి. మాయ అతుకుకొన్నచోట పుట్టు రకమొకటి కలదు. అది మందగతిది, హార్మోను కొద్దిగానే చూపును, మందులకు అంతగా లొంగదు, గర్భసంచి తీయవలసివచ్చును. కాన్పైన నాలుగేండ్లు దాటి బయటపడినచో మరీ కష్టము.

దీనికి వాడు మెథోట్రెక్సేట్‌ మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో లెడర్లీ కంపెనీలో చేసిన కృషి ఫలము. వారు 1948లోనే గతించినారు. ఊపిరితిత్తులకు ప్రాకిన ఈ కాన్సరుకూడ ఆ మందుతో లొంగినదని 1956లో మిన్‌ చియు లీ, రాయ్‌ హెర్ట్జ్‌ ప్రకటించినారు. గడ్డ కనబడకపోయినను హార్మోను పోవువరకు లీ మందు ఆపలేదు. అందుకాయన ఉద్యోగమే పోయినది! 1972లో ఆయనకు లాస్కర్‌ బహుమానము వచ్చినది. మా రైల్వేలోను అంతే: బండి దాటిపోయినంత మాత్రాన చాలదు, చివరి పెట్టె వెనుక ఎల్‌.వి. బోర్డు కండ్లబడనిదే లైను ఖాళీ అనరు.

వదినగారికి ఆ మందుతోబాటు మరికొన్ని కలిపి యిచ్చినారు. హార్మోను దిగినది. వచ్చే నెల మరల పరీక్ష. ఆ దినమునకు సెలవు చీటీ ఇప్పుడే పెట్టినాము.