ఎండిన ఏరు, గడ్డకట్టిన ఏరు



గుడియాత్తం ఊరి మధ్యగా పోయే కౌండిన్య ఏరు మీలో చాలామందికి తెలిసిందే. పలమనేరు వైపు అడవుల్లో పుట్టి, మోర్దానా ఆనకట్ట దాటి, గుడియాత్తం మీదుగా పోయి పాలారులో కలుస్తుంది. పుట్టడం తెలుగు గడ్డ మీద, కలవడం తమిళ గడ్డ మీద. మన సరిహద్దువాళ్ల బతుకు లాగే దానికీ రెండు భాషలు. వానలు బాగా పడితే పరవళ్లు తొక్కుతుంది. ఒడ్డున గంగమ్మ తిరునాళ్ల జరిగే మే నెల నాటికి మాత్రం చాలా ఏళ్లలో ఇసుకే కనిపిస్తుంది, నీరు కనిపించదు.

ఒక మార్చి నెలలో మా ఎనిమిదో తరగతి పిల్లలను ఊరికి ఎగువన ఆ ఏటికి తీసుకువెళ్లాను. ఒక పిల్లవాడు ఇసుకను కాలితో తన్ని, "సార్, ఏరు చచ్చిపోయినట్టేనా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు ఎంతో దూరాన, దక్షిణ ధ్రువ ఖండంలో ఉంది. ఇవాళ మీకు అదే చెప్పబోతున్నాను.

1903 డిసెంబరులో కెప్టెన్ స్కాట్ అనే ఆంగ్లేయ నావికుడు అంటార్కిటికాలో మంచు లేని ఒక లోయలోకి దిగాడు. రాళ్లూ ఇసుకా తప్ప అక్కడ ప్రాణమున్నది ఏదీ ఆయనకు కనిపించలేదు. దాన్ని చచ్చినవాళ్ల లోయ అన్నాడు. ఇప్పుడు దానికి టేలర్ లోయ అని పేరు. మా పిల్లవాడి లాగే ఆయన కూడా తొందరపడ్డాడు.

ఆ లోయల్లోనూ ఏర్లు ఉన్నాయి. మనకు వానలు ఎలాగో వాటికి ఎండ అలాగ. అక్కడి వేసవి, అంటే మన మార్గశిర పుష్య మాసాల్లో, సూర్యుడు అస్తమించడు. ఆ ఎండకు హిమానీనదాల అంచు కరిగి సన్నగా నీరు జారుతుంది. పక్క లోయలో ఉన్న ఓనిక్స్ అనే నది ఆ ఖండంలోకెల్లా పొడవైనది. దాని పొడవు సుమారు 32 కిలోమీటర్లే. పైగా అది సముద్రం వైపు పోదు, లోపలికి పారి వాండా అనే సరస్సులో కలుస్తుంది. ఇవన్నీ పారేది ఏడాదికి రెండు నెలలో, ఇంకాస్త ఎక్కువో. మిగతా కాలమంతా ఎండి, గడ్డకట్టి, చీకట్లో పడి ఉంటాయి.

ఒక ఏరు సూర్యకాంతితో ఏడాదిలో ఎంత పచ్చదనాన్ని, ఎంత ఆహారాన్ని తయారు చేస్తుందో దాన్ని శాస్త్రంలో ఉత్పాదకత అంటారు. రైతు మాటలో చెప్పాలంటే దిగుబడి. రెండు నెలల పారుదలతో ఏ రైతు పంట పండిస్తాడు చెప్పండి? కానీ ఆ ఏర్లు పండిస్తున్నాయి. వాటిలో చేపలు లేవు, పురుగులు లేవు. రాళ్ల మీద చాపల్లా పరచుకున్న పాచి ఉంది, నల్లనిది, నారింజ రంగుది. దాన్ని తిని బతికే కంటికి కనిపించని జీవులున్నాయి. కిటుకు ఏమిటంటే, ఆ పాచి ప్రతి ఏడూ విత్తనం నుంచి మొలవదు. పోయిన వేసవి చాప ఎండి పెళుసై అక్కడే అంటుకుని ఉంటుంది. నీరు తగలగానే మళ్లీ పని మొదలుపెడుతుంది. ఏటికేడు కొత్తగా నాటే వరి కాదది, కోసిన కొద్దీ పిలక వేసే కర్వేపాకు చెట్టు అనుకోండి.

ఎన్నాళ్లు ఆగగలదు అలా? 1994-95 వేసవిలో డయాన్ మెక్‌నైట్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం స్కాట్ చూసిన ఆ టేలర్ లోయలోనే దీన్ని పరీక్షించారు. సుమారు ఇరవై ఏళ్లుగా సరైన పారుదల లేని ఒక పాత కాలువలోకి నీటిని మళ్లించారు. వారం తిరగకుండానే కాలువలో పాచి చాపలు నిండుగా కనిపించాయి! మొదటి సంవత్సరాల్లో దాని దిగుబడి ఏటా పారే పక్క ఏర్లకంటే ఎక్కువగా కూడా ఉంది. బీడు పెట్టిన చేను మొదటి ఏడు విరగపండినట్టు.

ఉత్తర ధ్రువం వైపు కథ వేరు. అలాస్కాలోని కుపారుక్ నదిలో చేపలుంటాయి. శీతాకాలానికి నది గడ్డకడుతుంది కనుక అవి ముందుగానే సరస్సులకు వలసపోతాయి. 1983 నుంచి ఆ నదిలో శాస్త్రవేత్తలు వేసవి వేసవికీ కొద్దికొద్దిగా భాస్వరం కలుపుతూ వచ్చారు. ముందు పాచి పెరిగింది, చేపలు బలిశాయి. ఏడెనిమిదేళ్లు గడిచాక ఎవరూ అనుకోనిది జరిగింది. నాచు మొక్కలు అడుగు రాళ్లను కప్పేసి, అక్కడ బతికే పురుగుల రకాలే మారిపోయాయి. ఏటిలో మనం కలిపేదాని లెక్క ఏటికి వెంటనే తేలదన్నమాట.

ఇప్పుడు మళ్లీ మన ఏటికి వద్దాం. ఆ రోజు పిల్లలు బండల మీది నల్లని పెళుసు పొరను గోటితో గీకి కాగితంలో పొట్లం కట్టారు. మరునాడు తరగతిలో ఒక సాసరులో వేసి నీళ్లు పోశాం. గంట కొట్టేలోగా అది ఉబ్బి, జిగురై, ముదురాకుపచ్చకు తిరిగింది. ఏరు చచ్చిపోయిందా అన్న పిల్లవాడే అందరికంటే ముందు అరిచాడు. ఏటి బురదలో గుల్ల తలుపు మూసుకుని, కప్ప మట్టి కప్పుకుని వాన కోసం కాచుకుని ఉండటమూ ఇలాంటిదే.

పిల్లలు అంతటితో ఆగలేదు. ఊరు దాటాక, ఇసుక తోడేసి గుంతలు పడినచోట నుంచి కూడా ఒక పొట్లం తెచ్చారు. రెండో సాసరులో మూడు రోజులు చూశాం. బూడిద రంగు బురద, కొంచెం కంపు, అంతే. రెండు సాసర్లతో శాస్త్రం తేలదని పిల్లలకు చెప్పాను. మీకూ చెబుతున్నాను. అయినా ఆ రెండో సాసరును నేను మరవలేకుండా ఉన్నాను.

నీరు లేకపోవడం మన ఏర్లకు కొత్త కాదు, దానికి అవి అలవాటు పడ్డాయి. అడుగు లేకపోవడానికి ఏ ప్రాణీ అలవాటు పడలేదు. వాన కోసం కాచుకునే ప్రాణమంతా ఆ ఇసుకలో, ఆ బండల మీదే ఉంది. చెలమ తవ్వి కడవ నింపుకున్న మన తల్లులకు ఇసుక కింద ఏముంటుందో తెలుసు. పాలారు సంగతి చూడండి. మూడు రాష్ట్రాల్లో 348 కిలోమీటర్లు పారే ఆ నది ఒడ్డున తోళ్ల శుద్ధి కర్మాగారాల మురుగు నేలనూ బావులనూ పాడుచేసిందని వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో, 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాడు చేసినవారే దానికి మూల్యం చెల్లించాలన్నది. 2021 నవంబరులో కౌండిన్య పొంగి గుడియాత్తంలో ఒడ్డు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. నీరు వచ్చింది సరే, వచ్చిన నీటికి అడుగున లేపడానికి ఏం మిగిలిందో ఎవరైనా చూశారా?

మా మొదటి పొట్లంలో మిగిలిన పొర ఇంకా తరగతి బీరువాలోనే ఉంది. ఆ పిల్లలు పదో తరగతి రాసి వెళ్లేలోగా ఏటా ఒక చిటికెడు తీసి నీళ్లు పోసి చూడాలని వాళ్ల ఏర్పాటు. మొదటి ఏడు పచ్చబడింది. రెండో చిటికెడు వచ్చే సోమవారం.