గోరింట ఎరుపు, కోను నలుపు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ సభలో పురాణ ప్రసంగమో, కావ్యగోష్ఠియో వినవచ్చునని తలచి వచ్చినవారికి నేటి విషయము కొంత వింతగా తోచవచ్చును. కాని గ్రంథాలయము కథలకు మాత్రమే నిలయము కాదు. నిత్యము వాడు వస్తువుల మంచిచెడ్డలను విచారించి తెలిసికొను నేర్పు కూడ అచటనే అలవడవలెను. అట్టి విచారణకు తగిన వస్తువొకటి హైదరాబాదు పాతబస్తీ అంగళ్లలో ప్రతిదినమును చేతులు మారుచున్నది. అదియే మెహందీ.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన చార్మినారునకు పడమట లాడ్ బజారు కలదు. లక్కగాజులకు పేరెన్నికగన్న వీథి అది. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. పెండ్లికూతునకు గాజులు కొనవచ్చినవారు మెహందీ కొనకుండ మరలిపోవుట అరుదు. రంజాను నెల ముగిసి చంద్రదర్శనమైన రాత్రి ఆ ప్రాంతమున యువతులు చేతులు చాచి వరుసగా కూర్చుందురు. తెలుగు ఇండ్లలో ఆషాఢమాసమున పెట్టుకొను గోరింటాకును ఈ మెహందీయు ఒకే మొక్కనుండి వచ్చినవే. సంస్కృతమున దానికి మదయంతిక అని పేరు.

గోరింటాకును నూరినప్పుడు లాసోను అను వర్ణద్రవ్యము వెలువడి, చర్మపు పైపొరలోని మాంసకృత్తులను అంటిపట్టుకొనును. మొదట నారింజవన్నె కనబడి, ఒకటి రెండు దినములలో ఎరుపు కలిసిన గోధుమవన్నెగా ముదురును. గోరింట స్వభావము ఇంతవరకే. కాటుకవలె నల్లనగుట దాని స్వభావము కాదు. దాని వలన చర్మమునకు ఎలర్జీ కలుగుటయు మిక్కిలి అరుదు.

అయినను కాటుక నలుపు కావలెననియు, అదియు ఒక గంటలో రావలెననియు కోరువారు కలరు. ఆ కోరికను తీర్చుటకై కొందరు గోరింటలో పారాఫినైలిన్ డయమీన్ అను రసాయనమును కలుపుదురు. సంక్షేపముగా దీనిని పి.పి.డి. అందురు. ఇది కొత్త వస్తువు కాదు. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు హాఫ్‌మన్ 1863లోనే దీని రంగునిచ్చు గుణమును వివరించెను. 1883లో ఫ్రాన్సు దేశమున తలరంగుగా దీనికి పేటెంటు లభించెను. నాటినుండి నేటివరకు నల్లని తలరంగులలో ఇదియే ముఖ్యమైనది. ఐరోపా నియమముల ప్రకారము తలకు రాయు మిశ్రమములో ఇది 2 శాతమునకు మించరాదు. చర్మముపై చిత్రములు వేయుటకు అసలే వాడరాదు. మెహందీ కోనులో ఎంత కలిపిరో తూచి చూచినవాడెవడు? పైన పటారము, లోన లొటారము అన్న సామెత ఇచట సరిగా వర్తించును.

ఇక అసలు ప్రశ్న. ఒక పిల్ల చేతికి నల్ల మెహందీ పెట్టిరి. మూడవ దినమున ఆ గీతల వెంబడియే చర్మము ఎర్రబడి, దురదపెట్టి, నీటిపొక్కులు లేచినవి. పెండ్లి భోజనము పడలేదని ఒకరు, ఎండవేడి అని మరియొకరు, దిష్టి అని వేరొకరు అందురు. కారణమును నిర్ణయించుటెట్లు? కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి జరిగినంతమాత్రమున కాకియే పండును రాల్చినదనరాదని కాకతాళీయ న్యాయము చెప్పుచున్నది. కావున తార్కికులు అన్వయ వ్యతిరేకములను కోరిరి. కారణమున్నచోట కార్యముండవలెను, కారణము లేనిచోట కార్యము లేకుండవలెను.

ఇచట ఒక చిక్కు కలదు. అదే మెహందీ పదిమంది పెట్టుకొన్నను ఒకరికే పొక్కులు రావచ్చును. ఆ ఒకరును లోగడ పెట్టుకొన్నప్పుడు ఏ బాధయు పడకుండవచ్చును. అన్వయము తప్పినట్లు కనబడును గాని, తప్పలేదు. పి.పి.డి. అణువు మిక్కిలి చిన్నది గనుక చర్మపు పైపొరను దాటి లోనికి పోగలదు. గాలి సోకి మార్పు చెంది, అది చర్మములోని మాంసకృత్తులతో అతుకుకొనును. చర్మమున కావలి కాయు కణములు ఆ వింత కలయికను శత్రువుగా భావించి, వార్తను రసగ్రంథులకు చేర్చును. అచట దానిని గుర్తుంచుకొను కణములు వృద్ధియగును. దీనికి సుమారు రెండు వారములు పట్టును. ఈలోపల పైకి ఏమియు కనబడదు. మరల అదే రసాయనము సోకినప్పుడు రెండు మూడు దినములలో ఆ కణములు పైబడి పోరు సాగించును. కనుక మొన్న పడినది నేడు పడకపోవచ్చును. “ఇదివరకు ఏమియు కాలేదు” అనుమాట నిర్దోషిత్వమునకు సాక్ష్యము కాజాలదు.

దీనిని పరీక్షించు మార్గమును జర్మను వైద్యుడు యాడాసోన్ 1895లో చూపెను. అనుమానమున్న వస్తువును తగు పాళ్లలో వాసెలీనులో కలిపి, రోగి వీపుపై చిన్న పట్టీగా అంటించి 48 గంటలు ఉంచుదురు. పి.పి.డి.కి వాడుకలోనున్న పాలు 1 శాతము. పట్టీ తీసినప్పుడును, మరల ఒకటి రెండు దినముల పిమ్మటను చూతురు. ప్రక్కనే ఉత్త వాసెలీను పట్టీయు అంటింతురు. మందున్న పట్టీక్రింద పొక్కు లేచి, ఉత్త పట్టీక్రింద లేవకున్నచో, మొదటిది అన్వయము, రెండవది వ్యతిరేకము. పాతకాలపు తర్కమునకును నేటి చికిత్సాలయమునకును ఇంతటి పొందిక కలదు.

ఒక వ్యక్తికి పడదని తెలియుట ఒకటి. ఒక రసాయనమునకే ఎలర్జీ పుట్టించు శక్తి కలదని ముందుగా తెలియుట మరియొకటి. ఇందులకై పూర్వము గినీ పందులపై ప్రయోగములు చేసిరి. 1969లో మాగ్నుసన్, క్లిగ్‌మన్ అను శాస్త్రజ్ఞులు ఆ పద్ధతికి పేరుగన్న రూపమొసగిరి. పిమ్మట ఎలుకచెవికి రసాయనము రాచి, దగ్గరి రసగ్రంథి పెరుగుదలను కొలుచు పద్ధతి వచ్చినది. 2002లో అది అంతర్జాతీయ మార్గదర్శకమైనది. భారతదేశము 2014లో సౌందర్యద్రవ్యములకై జంతువులపై పరీక్షలు చేయుటను నిషేధించెను. ఇప్పుడు గాజుపాత్రలలో మూడు పరీక్షలు చేయుదురు. రసాయనము మాంసకృత్తులతో అతుకుకొనునా? చర్మకణములను కలవరపెట్టునా? కావలి కణములను మేల్కొల్పునా? మూడింటిలో రెండు ఏకీభవించినచో తీర్పు చెప్పవచ్చునని 2021 నాటి మార్గదర్శకము అంగీకరించినది. ఎలుకచెవి పరీక్షలో పి.పి.డి. మిక్కిలి తీవ్రమైన వాని వరుసలో నిలిచినది. ఒక శాతముకంటె చాల తక్కువ పాళ్లలోనే అది గ్రంథిని పెంచినది.

అయితే శక్తి వేరు, ప్రమాదము వేరు. తలరంగు వాడు వారందరికిని ఎలర్జీ రాదు. ఎంత పాలు, ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎట్టి చర్మము అను లెక్కలపై ప్రమాదము ఆధారపడును. తలరంగును కొలత ప్రకారము కలిపి, కొంతసేపటికే కడిగివేయుదురు. నల్ల మెహందీ కొలత లేనిది, చర్మముమీదనే ఆరబెట్టబడునది. కావుననే దానికి ఎక్కువ భయపడవలెను.

ఈ విచారణలో పణముగానున్నది ఒక సాయంకాలపు అలంకారము కాదు. ఒకసారి పుట్టిన ఈ ఎలర్జీ సాధారణముగా జీవితాంతము విడువదు. పదునైదవ యేట చేతికి నల్ల చిత్రము వేయించుకొన్న బాలిక, నలువదవ యేట తలకు రంగు వేసికొన్నప్పుడు కన్నులు మూసికొనిపోవునంతగా మొగము వాయవచ్చును. పోలికగల కొన్ని తిమ్మిరి మందులును, బట్టల రంగులును కూడ ఆమెకు పడకపోవచ్చును. దినమెల్ల తలరంగులు ముట్టు క్షురకుని చేతులకు ఎలర్జీ వచ్చినచో వృత్తియే పోవును. శుద్ధమైన ఆకును అమ్ము వర్తకునకు కూడ ఇది నష్టమే. కల్తీ కోను చెడ్డపేరు అతని గోరింటకే అంటుచున్నది.

తలరంగు పొట్లముపై ముందు జాగ్రత్త వ్రాయవలెననియు, చెవి వెనుకనో ముంజేతి లోపలనో కొంచెము రాచి 24 గంటలు చూడుమని స్థానిక భాషలో కూడ తెలుపవలెననియు సౌందర్యద్రవ్యములకు 2020 వరకు వర్తించిన 1945 నాటి ఔషధ, సౌందర్యద్రవ్య నియమములు చెప్పినవి. అయినను పొక్కు లేచుటకు రెండు మూడు దినములు పట్టవచ్చును గనుక, ఒక దినపు మౌనమును పూర్తిగా నమ్మరాదు. ఇక మెహందీకి సులభమైన గుర్తు: గంటలో కాటుకవలె నల్లబడినది గోరింట కాదు. దురద పుట్టినచో వెంటనే కడిగివేసి వైద్యుని చూడవలెను. కోనును పారవేయరాదు. ఏ తేదీన పెట్టినది, ఏ తేదీన పొక్కినది వ్రాసి ఉంచవలెను. తేదీలేని లెక్క ఎంత నిరుపయోగమో తేదీలేని రోగచరిత్రయు అంతే.

ఇంటి పెరటిలో ఒక గోరింట మొక్కయు, ఊరి గ్రంథాలయమున ఇట్టి విషయములు తెలుపు నాలుగు పుస్తకములును ఉన్నచో, ఆడపిల్లల చేతులు ఎర్రగా పండును, పొక్కిపోవు. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున అట్టి పుస్తకములు మరిన్ని చేరుగాక.

స్వస్తి.