సయీద్ అనే పేరు గలవారు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా చేసి పేరు పెట్టుకుంటాం. ఆ పేరు తల్లిదండ్రులు చేసే మొదటి దువా. "సయీద్" అంటే భాగ్యవంతుడు, సుఖసంతోషాలు గలవాడు అని అర్థం. అరబ్బీలో సీన్, ఐన్, యే, దాల్ – నాలుగే అక్షరాలు. పవిత్ర ఖురాన్ హూద్ సూరా 105వ ఆయతులో ఈ మాట "షఖీ", అంటే దౌర్భాగ్యుడు అనే మాటకు ఎదురుగా వస్తుంది. స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబాలలో హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఒకరు. కనుక అరబ్బు దేశాలలో ఈ పేరు కొల్లలుగా వినబడుతుంది. ఈ పేరు గల నాయకులను కొందరిని, ఆటగాళ్లను కొందరిని మీ ముందుంచుతాను. పేరు ఒక్కటే అయినా బ్రతుకులు ఎంత వేరో చూడండి.

ముందుగా పాలకులు. ఈజిప్టును 1854 నుంచి 1863 వరకు ఏలిన ముహమ్మద్ సయీద్ పాషా సూయజ్ కాలువ తవ్వే హక్కును లెస్సెప్స్ అనే ఫ్రెంచివానికి ఇచ్చారు. 1859లో పని మొదలైంది. వేలాది రైతులను వెట్టికి తెచ్చి తవ్వించారు. 1869లో కాలువ తెరిచేనాటికి పాషా లేరు. కాని కాలువ మొగదల ఉన్న రేవుకు పోర్ట్ సయీద్ అని ఆయన పేరే నిలిచింది. తవ్విన రైతుల పేర్లు ఏ పటంలోనూ లేవు.

ఒమన్ సుల్తాను సయీద్ బిన్ తైమూర్ సంగతి మనం ముఖ్యంగా తెలుసుకోవాలి. ఆయన మన దేశంలోనే, అజ్మీరు మేయో కాలేజీలో చదువుకున్నారు. 1932లో గద్దె ఎక్కి 1970 దాకా పాలించారు. చదువు విలువ తెలిసినవారే గదా! అయినా ఆయన దిగిపోయేనాటికి దేశమంతటా ఉన్న కొత్త తరహా బడులు మూడంటే మూడే. 1970 జూలైలో ఆయన్ను తప్పించి కొడుకు ఖాబూస్ బిన్ సయీద్ సుల్తాను అయినారు. బడులు, ఆస్పత్రులు, రోడ్లు ఆ తరువాత వచ్చినవే. తండ్రి పేరు భాగ్యవంతుడని, ప్రజల భాగ్యం మాత్రం కొడుకు నాడు మొదలైంది.

ఇరాక్‌లో నూరీ అస్సయీద్ 1930లో మొదటిసారి ప్రధాని అయినారు. ఆ పదవిలో ఎన్నోసార్లు కూర్చున్నారు. బ్రిటిషు వారి పక్షమని ప్రజలకు కోపం. 1958 జూలై విప్లవంలో ప్రాణం కోల్పోయారు. ట్యునీసియాలో న్యాయశాస్త్రం బోధించిన ఖైస్ సయీద్ 2019లో ఎన్నికలలో గెలిచి అధ్యక్షులయ్యారు. 2021లో పార్లమెంటును ఆపివేశారు. 2024లో మళ్ళీ ఎన్నికైనారు.

ఇక ఆటగాళ్లు. మొరాకో దేశస్థుడు సయీద్ ఔయిటా 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 5000 మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చాడు. 1987లో రోములో అదే దూరాన్ని 12 నిమిషాల 58.39 సెకండ్లలో ముగించాడు. 13 నిమిషాల లోపల ఆ పరుగు పూర్తిచేసిన మొట్టమొదటి మనిషి అతడే. సౌదీ అరేబియా ఫుట్‌బాల్ జట్టు తొలిసారి ప్రపంచ కప్పుకు వెళ్ళింది 1994లో. బెల్జియంతో ఆటలో సయీద్ అల్ ఉవైరాన్ తమ సగం నుంచే బంతి తీసుకుని, అడ్డొచ్చిన వారినందరినీ దాటుకుంటూ పోయి ఐదో నిమిషంలో గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలుతోనే జట్టు గెలిచి రెండో దశకు చేరింది. వీరిద్దరికీ పేరు తెచ్చింది కాళ్ళ సత్తువ, ఏళ్ళ తరబడి సాధన.

ఇప్పుడు మన ఇంటి విషయానికి వస్తాను. ఇంతమంది పేరూ అరబ్బీలో ఒకే నాలుగక్షరాలు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకరిది ఒక స్పెల్లింగు, ఇంకొకరిది ఇంకొకటి. మొరాకో, ట్యునీసియాలలో ఫ్రెంచి పద్ధతి, తక్కిన చోట్ల ఇంగ్లీషు పద్ధతి. మన దగ్గర ఇంకో చిక్కున్నది. సయీద్ వేరు, సయ్యద్ వేరు. సయ్యద్ అంటే ప్రభువు. ప్రవక్త (స) వంశీకులకు వాడే మాట. నల్లగొండ వైపు జాన్‌పహాడ్ దర్గా మీది భక్తితో హిందువులు, ముస్లింలు కూడా పిల్లలకు పెట్టుకునే "సైదులు" ఈ సయ్యద్ నుంచి వచ్చిందే. సయీద్‌కు దానితో సంబంధం లేదు. బడిలో చేర్చేటప్పుడు రాసేవారు తొందరలో దేన్నో ఒకటి రాస్తారు. మనం చూడకుండా సంతకమో వేలిముద్రో వేసి వస్తాం. టి.సి.లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో మరొకటి. ఆ కుర్రవాడు మస్కట్‌కో దుబాయికో బయలుదేరేనాడు తెలుస్తుంది ఒక్క అక్షరం ఖరీదెంతో.

అరబ్బులు ఒకే పేరు గలవారిని తండ్రి పేరుతో, వంశం పేరుతో గుర్తుపడతారు. సయీద్ బిన్ తైమూర్ అంటే ఇక పొరపాటుకు తావులేదు. మనమూ బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు ఒక కాగితం మీద ఒకే తీరుగా రాసి పెట్టుకుందాం. జనన సర్టిఫికెట్టు నాడే అది చూసి రాయిద్దాం. నా మనవి ఒకటి: బడులు తెరిచే జూన్ నెలలో మన సొసైటీ తరఫున చదువుకున్న ఇద్దరు యువకులు రోజుకు రెండు గంటలు కూర్చుని వచ్చినవారికి ఫారాలు నింపిపెడితే చాలు. ఇందుకు చందా అక్కర్లేదు.

పేరు సరిగ్గా రాయించడం మన పని. ఆ పేరుకు తగినట్టు బ్రతకడం వారి పని. అందుకు కావలసిన చదువు చెప్పించకపోతే, అజ్మీరులో చదివి కూడా బడులు పెట్టని ఆ సుల్తానుకూ మనకూ తేడా ఏమున్నది?

మన బిడ్డలందరినీ అల్లాహ్ నిజమైన సయీద్‌లుగా చేయుగాక. ఆమీన్. వస్సలాం.